స్విస్ నైఫ్ కలెక్షన్ మొదలుపెడుతున్నారా? '33 ఇన్ 1' అన్న అంకె చూసి కొనేయకండి.. ముందు ఇవి తెలుసుకోండి!

ఎర్రటి పిడి.. దాని మీద తెల్ల ప్లస్ గుర్తు. విప్పితే చాకు, కత్తెర, రంపం, స్క్రూడ్రైవర్, డబ్బా ఓపెనర్.. అన్నీ అరచేతిలో ఇమిడిపోతాయి. స్విస్ ఆర్మీ నైఫ్ అంటే చాలామందికి చిన్నప్పటి నుంచీ ఓ మోజు. ఒకటి కొన్నాక రెండోది కావాలనిపిస్తుంది. రెండోది చేతికొచ్చాక పక్కపక్కన పెట్టి 'దీంట్లో కత్తెర ఉంది, దాంట్లో లేదు' అని పోల్చడం మొదలవుతుంది. ఇక అక్కడి నుంచి అది కలెక్షనే.

అయితే ఫోన్‌లో వెతికితే ముందు కనిపించేదేంటి? '11 ఇన్ 1', '15 ఇన్ 1', '33 ఇన్ 1'.. అంకె ఎంత పెద్దదైతే కత్తి అంత గొప్పదన్నట్టు ప్రచారం. కొత్తగా కొనేవాళ్లు బోల్తా పడేది సరిగ్గా ఇక్కడే. పైగా ఒంగోలు దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే కొత్తపట్నం లాంటి ఊళ్లలో ఉండేవాళ్లకు ఇంకో చిక్కు కూడా ఉంది. అదే ఉప్పుగాలి. కిటికీ ఊచల్ని, సైకిల్ చైన్లని, గేటు గొళ్లాలని తినేసే ఆ గాలి 'స్టెయిన్‌లెస్' అని రాసున్న చాకుని కూడా వదలదు. డబ్బులు పోసి కొన్న కత్తి బీరువాలో ఉండగానే కీలు దగ్గర గోధుమరంగు మచ్చ కనిపిస్తే.. ఆ బాధ దాచుకున్నవాళ్లకే తెలుస్తుంది.

మరి ఎలా మొదలుపెట్టాలి? ఏ కత్తిని దేనితో పోల్చాలి? ఒక్కొక్కటీ చూద్దాం.

ఆ 'పన్నెండు' ఎలా వచ్చిందంటే..

విక్టోరినాక్స్ కంపెనీ చేసే 'స్పార్టన్' అనే మోడల్ తీసుకుందాం. దీన్ని 12 పనుల కత్తి అంటారు. విప్పి చూస్తే పన్నెండు పరికరాలు కనిపించవు. లెక్క ఇలా ఉంటుంది. పెద్ద బ్లేడు ఒకటి, చిన్న బ్లేడు రెండు, కార్క్‌స్క్రూ మూడు. డబ్బా ఓపెనర్ నాలుగు, దాని కొసనే ఉన్న చిన్న స్క్రూడ్రైవర్ ఐదు. సీసా మూత తీసే ఓపెనర్ ఆరు, దాని కొస పెద్ద స్క్రూడ్రైవర్ ఏడు, దాని పక్కనే వైరు తొడుగు గీకే చిన్న గాడి ఎనిమిది. బెజ్జం వేసే సూది తొమ్మిది. ఇక తాళాల రింగు పది, ట్వీజర్ పదకొండు, టూత్‌పిక్ పన్నెండు!

అంటే కత్తికి వేలాడే రింగు కూడా ఒక 'పని' కిందే లెక్క. ఇందులో మోసం ఏమీ లేదు. కంపెనీ ఏమేం లెక్కపెట్టిందో ప్యాకెట్ మీదే రాస్తుంది. కాకపోతే ఆ అంకె పట్టుకుని రెండు కత్తుల్ని పోలిస్తే మాత్రం తప్పులో కాలేసినట్టే.

దీనికి ఇంకో మంచి ఉదాహరణ ఉంది. అదే కంపెనీ 'హంట్స్‌మన్', 'కాంపాక్ట్' మోడళ్లు. రెండూ 91 మి.మీ. పొడవే. రెండూ 15 పనులవే. చేతిలోకి తీసుకుంటే మాత్రం ఒకటి బాగా లావు, ఇంకోటి సన్నం. హంట్స్‌మన్‌లో చెక్క కోసే రంపం, విడివిడిగా రెండు ఓపెనర్లు, చిన్న బ్లేడు ఉంటాయి. కాంపాక్ట్‌లో అవి ఉండవు. రెండు ఓపెనర్ల పని ఒక్కటే చేస్తుంది. చిన్న బాల్‌పెన్ను, గుండుసూది పిడిలో దాక్కుని ఉంటాయి. పదిహేనుకి పదిహేను సరిపోయింది. కానీ ఒకటి తోటలోకి, ఇంకోటి ఆఫీసు జేబులోకి.

చూడాల్సింది పొరలు

అందుకే కాస్త అనుభవం ఉన్న కలెక్టర్లు పనులు లెక్కపెట్టరు. పొరలు లెక్కపెడతారు. కత్తిని నిలువుగా పట్టుకుని వీపు వైపు నుంచి చూడండి. రెండు పిడిరేకుల మధ్య ఉక్కు స్ప్రింగులు పక్కపక్కన కనిపిస్తాయి. ఒక్కో స్ప్రింగు ఒక్కో పొర. స్పార్టన్‌కి ఇవి రెండు. మొదటి పొరలో రెండు బ్లేడులు, రెండో పొరలో రెండు ఓపెనర్లు. కార్క్‌స్క్రూ, బెజ్జం సూది వీపు వైపు అవే స్ప్రింగులను వాడుకుంటాయి. అసలు తెలివంతా ఈ స్ప్రింగులోనే ఉంది. ఒకే స్ప్రింగు అటూ ఇటూ రెండువైపులా పరికరాల్ని బిగించి పట్టుకుంటుంది. అందుకే ఇన్ని ఇమిడినా కత్తి జేబులో పడుతుంది.

ఇప్పుడు పోల్చడం ఎంత తేలికో చూడండి. స్పార్టన్‌కి కత్తెర పొర ఒకటి కలిపి, వీపున ఒక కొక్కెం పెడితే 'క్లైంబర్'. దానికి రంపం పొర కలిపితే హంట్స్‌మన్. బరువు కూడా అలాగే మెట్లెక్కుతుంది. స్పార్టన్ సుమారు 60 గ్రాములు, క్లైంబర్ 80 గ్రాముల పైచిలుకు, హంట్స్‌మన్ వంద గ్రాములకు కాస్త తక్కువ. స్పార్టన్‌లో కార్క్‌స్క్రూ తీసేసి అక్కడ స్టార్ స్క్రూడ్రైవర్ పెడితే అది 'టింకర్'. ఈ నాలుగు పేర్లు అర్థమైతే మిగతా మోడళ్లలో సగం వాటంతట అవే అర్థమవుతాయి.

ఇక అందరూ ఫొటో దిగే 'స్విస్‌చాంప్'. 33 పనులు, ఎనిమిది పొరలు, దాదాపు 185 గ్రాములు. 1985లో వచ్చింది. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ కూడా డిజైన్ వస్తువుగా దాచుకుంది. అందులో సందేహం లేదు, అందమైన వస్తువే. కానీ ప్యాంటు జేబులో వేసుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిరిగితే ఇటుకముక్క మోసినట్టే ఉంటుంది. షెల్ఫుకి స్విస్‌చాంప్, జేబుకి స్పార్టన్ అనుకుంటే గొడవే లేదు.

పొరల తర్వాత చూడాల్సింది పొడవు. కీచైన్‌కి వేసుకునే 'క్లాసిక్' 58 మి.మీ. చిన్న చాకు, కత్తెర, గోరు ఆకురాయి ఉంటాయి. బరువు 20 గ్రాముల చిల్లర. 84 మి.మీ. వి మధ్యరకం. 91 మి.మీ. అసలు సిసలు 'ఆఫీసర్' సైజు. 93 మి.మీ. అంటే ప్లాస్టిక్ పిడి కాకుండా గరుకు అల్యూమినియం రేకులతో వచ్చేవి. వీటిని 'అలాక్స్' అంటారు. 111 మి.మీ. పెద్దవి, వీటిలో బ్లేడు విప్పాక లాక్ పడుతుంది. ఈ లాక్ విషయం మర్చిపోవద్దు. 91 మి.మీ. కత్తుల్లో లాక్ ఉండదు. స్ప్రింగు బిగువు మీదే బ్లేడు నిలబడుతుంది. వెనక్కి నొక్కుడు పడితే మూసుకుపోయి వేళ్ల మీద పడుతుంది. కొత్తవాళ్లకు గాయాలయ్యేది ఎక్కువగా ఇలాగే.

స్విట్జర్లాండ్ సైన్యం కత్తి.. మొదట చేసింది జర్మనీలో!

ఈ కత్తి కథ కూడా తెలిస్తే పాత మోడళ్లు చూసినప్పుడు కిక్కే వేరు. కార్ల్ ఎల్సెనర్ అనే ఆయన 1884లో స్విట్జర్లాండ్‌లోని ఇబాక్ అనే ఊళ్లో కత్తుల వర్క్‌షాప్ పెట్టారు. ఆ రోజుల్లో స్విస్ సైన్యానికి ఒక చిక్కు వచ్చింది. 1889 మోడల్ కొత్త రైఫిల్‌ని విప్పి శుభ్రం చేయాలంటే స్క్రూడ్రైవర్ కావాలి. డబ్బాల్లో వచ్చే తిండి తినాలంటే ఓపెనర్ కావాలి. రెండూ ఒకే కత్తిలో ఉంటే బాగుంటుందని సైన్యం 1890 మోడల్‌ను ఖాయం చేసింది. నల్లటి ఓక్ చెక్క పిడి.. లోపల ఒక బ్లేడు, బెజ్జం సూది, డబ్బా ఓపెనర్, స్క్రూడ్రైవర్. అంతే.

తమాషా ఏంటంటే.. అన్ని కత్తులు ఒకేసారి చేసే సత్తా అప్పటికి స్విట్జర్లాండ్‌లో లేకపోయింది. మొదటి ఆర్డర్ జర్మనీలోని సోలింగెన్ పట్టణానికి వెళ్లింది. 1891లో ఎల్సెనర్ తన కత్తుల్ని సైన్యానికి అందించడం మొదలుపెట్టారు. ఆయన అక్కడితో ఆగలేదు. సైనికుడి కత్తి బరువుగా ఉందని, ఇంకా తేలిగ్గా, రెండో బ్లేడు, కార్క్‌స్క్రూ కలిపి 1897 జూన్ 12న 'ఆఫీసర్స్ అండ్ స్పోర్ట్స్ నైఫ్' పేరుతో రిజిస్టర్ చేయించారు. ఇప్పుడు మనం చూసే ఎర్ర కత్తికి తాత అదే. పేరులో ఆఫీసర్ ఉంది కదా అని సైన్యం ఇచ్చిందనుకోవద్దు. ఆఫీసర్లు సొంత డబ్బులతో కొనుక్కున్నారు!

1909లో తల్లి విక్టోరియా చనిపోతే ఎల్సెనర్ తన కత్తులకు ఆమె పేరే పెట్టుకున్నారు. 1921లో తుప్పు పట్టని ఉక్కు వాడకంలోకి వచ్చింది. ఫ్రెంచ్‌లో దాన్ని పొట్టిగా 'ఇనాక్స్' అంటారు. విక్టోరియా ప్లస్ ఇనాక్స్.. విక్టోరినాక్స్. అమ్మ పేరుకి ఉక్కు పేరు అతికించిన బ్రాండ్ ఇది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత యూరప్‌లో ఉన్న అమెరికా సైనికులు ఈ కత్తుల్ని తెగ కొన్నారు. జర్మన్ పేరు 'ఓఫిట్సీర్స్‌మెస్సర్' నోరు తిరగక 'స్విస్ ఆర్మీ నైఫ్' అనేశారు. ఆ పేరే ప్రపంచమంతా నిలిచిపోయింది.

ఇందులో ఇంకో కంపెనీ కూడా ఉంది. వెంగర్. ఇది డెలేమాంట్ అనే ఊరిది. ఒకరికే కాంట్రాక్ట్ ఇస్తే గొడవని 1908 నుంచి సైన్యం సగం సగం పంచింది. దాదాపు వందేళ్లు రెండు కంపెనీలూ పోటీపడ్డాయి. 2005లో వెంగర్‌ను విక్టోరినాక్స్ కొనేసింది. 2013లో వెంగర్ పేరుతో కత్తులు ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అంటే ఇక వెంగర్ కత్తులు కొత్తగా తయారు కావు. మీ ఇంట్లో పాత ట్రంకు పెట్టెలో, గల్ఫ్ నుంచో అమెరికా నుంచో బాబాయ్ ఎప్పుడో తెచ్చిన కత్తి ఉంటే ఒకసారి గుర్తు చూడండి. ప్లస్ చుట్టూ డాలు ఆకారం ఉంటే విక్టోరినాక్స్. గుండ్రటి మూలలున్న చతురస్రం ఉంటే వెంగర్.

పత్తి చేలో ఏది? పడవ మీద ఏది?

కొందరు డబ్బాలోంచి తీయకుండా దాచుకుంటారు. కొందరు వాడుతూ దాచుకుంటారు. రెండో రకం వాళ్లకు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ కత్తికి పని తక్కువేం కాదు. ఎరువుల బస్తా మూతి విప్పాలి, డ్రిప్ పైపు ముక్క కోయాలి, మిర్చి టిక్కీకి కుట్టు ఊడితే మళ్లీ వేయాలి. 91 మి.మీ. కత్తుల్లో ఉండే బెజ్జం సూదికి చిన్న కన్ను ఉంటుంది. అందులో పురికొస దూర్చితే దబ్బనం పని చేసేస్తుంది. కాకపోతే మిరపకాయ తగిలిన బ్లేడుని తుడవకుండా మూసి, తర్వాత అదే చేత్తో కన్ను నలుపుకుంటే ఆ మంటకు మాత్రం కంపెనీ గ్యారంటీ ఇవ్వదు!

అలాక్స్ పిడితో వచ్చే 'ఫార్మర్' అనే మోడల్ పేరుకే రైతు కత్తి కాదు. ఒక గట్టి బ్లేడు, రంపం, బెజ్జం సూది, రెండు ఓపెనర్లు. కత్తెర, ట్వీజర్ లాంటి సన్న సరంజామా ఉండదు. కార్క్‌స్క్రూ కూడా ఉండదు. మట్టి, చెమట, బురద తగిలే చోట ఇలాంటి తక్కువ పరికరాల కత్తే ఎక్కువ కాలం బతుకుతుంది. వేపపుల్ల, సరుగుడు కొమ్మ కోయడానికి ఆ రంపం చూసేందుకు చిన్నదే కానీ భలే తెగుతుంది.

కొత్తపట్నం తీరంలో వేట చేసేవాళ్ల అవసరం వేరు. విక్టోరినాక్స్ 'ఫిషర్‌మన్' పేరుతోనే ఒక మోడల్ చేసింది. చేప పొలుసు గీకే పళ్లు, చేప నోట్లోంచి గాలం తీసే కొస, కొలత గీతలు అన్నీ ఒకే రేకు మీద ఉంటాయి. అయితే అది సరదాకి గాలం వేసేవాళ్ల కోసం చేసింది. వలలతో వేట చేసేవాళ్ల రోజువారీ మోత పనికి కాదు. వాళ్లకు ఉపయోగపడేది ఎవరూ పట్టించుకోని కార్క్‌స్క్రూ! వైన్ సీసాలు తీయడానికే అనుకుంటాం కానీ, తడిసి బిగుసుకుపోయిన నైలాన్ తాడు ముడిలోకి దాని కొస దూర్చి వదులు చేయడానికి అంతకంటే మంచి పనిముట్టు జేబులో దొరకదు. 

రొయ్యల చెరువుల దగ్గర ఏరేటర్ల నట్లు, వైర్లతో కుస్తీ పట్టేవాళ్లకు మాత్రం స్విస్ నైఫ్ కంటే కటింగ్ ప్లేయర్ ఉన్న మల్టీటూల్ నయం. ఈ రకాన్ని జనంలోకి తెచ్చింది అమెరికాలోని పోర్ట్‌లాండ్‌కి చెందిన టిమ్ లెదర్‌మన్. 1975లో పాత ఫియట్ కారులో యూరప్ తిరుగుతూ, మొరాయించే కారుని, కారే కుళాయిల్ని చేతిలో ఉన్న చిన్న చాకుతో బాగుచేయలేక విసిగిపోయారు. ఆ చాకుకి ప్లేయర్ కూడా ఉంటే అన్న ఆలోచన నుంచి ఏళ్ల తరబడి కష్టపడి 1983లో మొదటి టూల్ మార్కెట్లోకి తెచ్చారు. స్విస్ కత్తికి కేంద్రం బ్లేడు. లెదర్‌మన్‌కి కేంద్రం ప్లేయర్. ఈ రెండింటినీ పక్కన పెట్టి 'ఏది గొప్ప' అని వాదించుకోవడం, మోటార్ సైకిల్‌నీ ట్రాక్టర్‌నీ పోల్చినట్టే.

ఉప్పుగాలి దగ్గర 'స్టెయిన్‌లెస్' మాట ఎంత నిజం?

ఇప్పుడు అసలు సమస్యకి వద్దాం. ఈ బ్లేడుల ఉక్కులో కార్బన్ దాదాపు అర శాతం, క్రోమియం 14-15 శాతం చుట్టూ ఉంటుంది. క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఉక్కు మీద కంటికి కనిపించని పొర కడుతుంది. తుప్పుని ఆపేది ఆ పొరే. కానీ ఉప్పులో ఉండే క్లోరైడ్‌కి ఆ పొరని అక్కడక్కడా పొడిచే గుణం ఉంది. అందుకే సముద్రపు ఊళ్లలో బ్లేడంతా ఎర్రబడదు. సూదిమొనంత చుక్కలు పడతాయి. ఆ చుక్కలు లోపలికి తినుకుంటూ పోతాయి.

ఇంకో విషయం. కత్తి మొత్తం ఒకే లోహం కాదు. 91 మి.మీ. కత్తిలో పొరల మధ్య పలకలు అల్యూమినియం, రివెట్లు ఇత్తడి, పరికరాలు ఉక్కు. మూడు లోహాల మధ్య ఉప్పునీళ్లు నిలిస్తే బ్యాటరీలో జరిగినట్టే జరుగుతుంది. ఒక లోహం ఇంకోదాన్ని తినేస్తుంది. కాబట్టి ప్రమాదం మెరిసే బ్లేడు మీద కంటే కనపడని కీలు లోపలే ఎక్కువ. బీచ్‌కి వెళ్లొచ్చాక బ్లేడు తుడిచి జేబులో పడేస్తే సరిపోదన్నమాట.

చేయాల్సింది పెద్ద కష్టమేమీ కాదు. గోరువెచ్చటి మంచినీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి, కత్తిని ముంచి ప్రతి పరికరాన్నీ పదిసార్లు విప్పి మూయాలి. ఇసుక రేణువులు బయటికి వస్తాయి. మళ్లీ మంచినీళ్లతో కడిగి, అన్నీ సగం విప్పి ఫ్యాను కింద బాగా ఆరనివ్వాలి. తర్వాత ఒక్కో కీలు దగ్గర ఒక్క చుక్క నూనె. ఇక్కడే చాలామంది కొబ్బరినూనె వాడేస్తుంటారు. వద్దు. వంటనూనెలు కొన్నాళ్లకు జిగురుగా మారి దుమ్ము పట్టేస్తాయి, కత్తి బిగుసుకుపోతుంది. కుట్టుమిషన్ నూనె కీళ్లకు బాగానే పనిచేస్తుంది. కానీ పండ్లు, కూరగాయలు కోసే కత్తి అయితే తిండికి తగిలినా హాని లేని మినరల్ ఆయిల్ తీసుకోవాలి. మరిగే నీళ్లు, పెట్రోల్, థిన్నర్ జోలికి అసలు పోవద్దు. ఆ ఎర్ర పిడి సెల్యులోజ్‌తో చేసిన ప్లాస్టిక్. వేడికి వంకరపోతుంది, థిన్నర్‌కి కరిగి మసకబారుతుంది.

దాచే పద్ధతి కూడా చూసుకోవాలి. తోలు కవరు చూడ్డానికి దర్జాగా ఉంటుంది. కానీ తేమని పట్టి ఉంచుతుంది. తోలు పదును చేసేటప్పుడు వాడిన రసాయనాలూ లోహానికి పడవు. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, అందులో కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు.. ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. నెలకోసారి తీసి విప్పి మూయండి. రోజూ చేతిలో తిరిగే కత్తి కంటే, కదలకుండా పడున్న కత్తికే ఎక్కువగా తుప్పు పడుతుంది.

పదును పెట్టడానికి వీధిలో తిరిగే సాన మిషన్‌కి మాత్రం ఇవ్వకండి. కత్తిపీటకి అది బాగానే ఉంటుంది. ఈ పల్చటి బ్లేడుకి అది తినేసే ఉక్కు ఎక్కువ, పైగా వేడికి అంచు మెత్తబడుతుంది. ఈ బ్లేడుల గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 56 దగ్గర ఉంటుంది. ఇది మరీ గట్టిది కాదు. అందుకే తొందరగా మొద్దుబారుతుంది, అంతే తొందరగా ఇంట్లో సన్న సానరాయి మీద పదునెక్కుతుంది. ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీల వాలుతో నాలుగైదు రాపిళ్లు చాలు.

నకిలీ కనిపెట్టేదెలా? పాతదని తెలిసేదెలా?

ఎర్ర ప్లాస్టిక్, తెల్ల ప్లస్ ఎవరైనా వేయొచ్చు. తిరునాళ్లలోనూ అమ్ముతారు. కాబట్టి పిడి చూసి కాదు, పెద్ద బ్లేడు మొదట్లో, కీలుకి దగ్గరగా చెక్కిన అక్షరాలు చూసి కొనాలి. అసలుదైతే కంపెనీ పేరు, స్విట్జర్లాండ్ పేరు అక్కడ స్పష్టంగా ఉంటాయి. తర్వాత చెవి దగ్గర పెట్టుకుని విప్పండి. అసలు కత్తి 'టక్'మని ఒకే శబ్దంతో విప్పుకుంటుంది, అదే శబ్దంతో మూసుకుంటుంది. నకిలీ కత్తి నలుగుతూ, గీరుకుంటూ వస్తుంది. వెలుతురుకి అడ్డం పెడితే పొరల మధ్య సందులు కనిపిస్తాయి. కత్తెర మూసి చూస్తే కొసలు కలవవు. చైనా కంపెనీలు సొంత పేరుతో చేసే మంచి మల్టీటూల్స్ కూడా ఉన్నాయి. వాటిని తక్కువగా చూడాల్సిన పనిలేదు. ఇబ్బందల్లా వేరేవాళ్ల పేరు పెట్టుకుని వచ్చేవాటితోనే.

పాత కత్తుల వయసు కట్టడం ఈ హాబీలో అన్నిటికంటే మజా ఇచ్చే పని. వీపున ఉండే కొక్కెం 1991లో వచ్చింది. కాబట్టి కొక్కెం లేని స్విస్‌చాంప్ దొరికితే అది 1985కీ ఆ ఏడాదికీ మధ్యది అయ్యుండాలి. స్విస్ సైనికులకు ఇచ్చిన 1961 మోడల్ అలాక్స్ కత్తుల మీద అయితే తయారైన సంవత్సరం రెండంకెల్లో చెక్కి ఉంటుంది. తాము పుట్టిన ఏడాది కత్తి కోసం వెతికే కలెక్టర్లు ప్రపంచమంతా ఉన్నారు. 2008లో సైన్యం 111 మి.మీ. కొత్త మోడల్‌కి మారాక ఆ వెండిరంగు కత్తికి గిరాకీ ఇంకా పెరిగింది. పాతది కొనేటప్పుడు ఒక్కటే జాగ్రత్త. బ్లేడు పొడవు చూడండి. ఏళ్ల తరబడి సాన పట్టి అరిగిపోయిన బ్లేడుని 'వింటేజ్' అని అమ్మేస్తుంటారు.

జేబులో పెట్టుకుంటే పోలీసులు పట్టుకుంటారా?

ఆయుధ నియమాలు-2016 ప్రకారం ఆయుధాల జాబితాలోకి వచ్చేవి బ్లేడు 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న కత్తులు. అందులోనూ ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమకు వాడేవాటికి మినహాయింపు ఉంది. స్పార్టన్ బ్లేడు మూడు అంగుళాలు కూడా ఉండదు. అయితే బటన్ నొక్కితే బయటికొచ్చే కత్తుల సంగతి వేరు. ఢిల్లీలో వాటి మీద ప్రత్యేక నోటిఫికేషన్ కింద ఎన్నో కేసులు నడిచాయి. వాటిని కలెక్షన్ పేరుతో కూడా తెప్పించుకోకపోవడమే మంచిది.

చట్టం సరే, సందర్భం కూడా ఉంటుంది. ఎన్నికలప్పుడో గొడవలప్పుడో నిషేధాజ్ఞలు పెడితే పదునైన వస్తువులతో తిరగడం మీద ఆంక్షలుంటాయి. అప్పుడు 'ఇది స్విస్ నైఫ్ సార్' అంటే వినిపించుకునే ఓపిక ఎవరికీ ఉండదు. మెట్రో స్టేషన్ స్కానర్ దగ్గరా ఆపేస్తారు. విమానంలో అయితే చేతి సంచిలో అసలు కుదరదు, చెకిన్ లగేజీలో వేయాల్సిందే. కీచైన్‌కి ఉన్న క్లాసిక్‌ని మర్చిపోయి ఎయిర్‌పోర్టు డబ్బాలో పడేసి వచ్చినవాళ్లు లెక్కలేనంతమంది.

2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత వచ్చిన ఈ ఆంక్షల దెబ్బకి విక్టోరినాక్స్ కత్తుల అమ్మకాలు బాగా పడిపోయాయి. ఎయిర్‌పోర్టు షాపుల్లో బహుమతిగా కొనేవాళ్లే ఆగిపోయారు మరి. 2024లో ఆ కంపెనీ అధిపతి కార్ల్ ఎల్సెనర్ (మొదటి ఎల్సెనర్ వారసుల్లో నాలుగో తరం) బ్లేడు లేని మల్టీటూల్ మీద పనిచేస్తున్నామని చెప్పడం పెద్ద వార్తే అయింది. ఇదే కత్తిని ఒకప్పుడు వ్యోమగాములు కూడా తీసుకెళ్లారు. 1995లో అట్లాంటిస్ షటిల్ రష్యా అంతరిక్ష కేంద్రం మీర్‌కి అతుక్కున్నాక తలుపు రాకపోతే, కెనడా వ్యోమగామి క్రిస్ హాడ్‌ఫీల్డ్ స్విస్ నైఫ్‌తోనే దాని పట్టీలు కోసి తెరిచారు.

మరి మొదటిది ఏది?

ఒకేసారి పది కొనాలనే తొందర వద్దు. వాడే ఉద్దేశం ఉంటే స్పార్టన్ లేదా టింకర్‌తో మొదలుపెట్టండి. రెండు పొరలే కాబట్టి శుభ్రం చేయడం నేర్చుకోవడానికీ బాగుంటుంది. రెండోది అలాక్స్ పిడిది తీసుకుంటే ప్లాస్టిక్‌కీ దానికీ చేతిలో తేడా తెలుస్తుంది. తర్వాత ఒక దారి ఎంచుకోవచ్చు. కొందరు 91 మి.మీ. మాత్రమే సేకరిస్తారు. కొందరు వెంగర్ మాత్రమే. కొందరికి 58 మి.మీ. క్లాసిక్‌లో వచ్చే రకరకాల రంగులు, బొమ్మలే లోకం. డబ్బు తక్కువున్న కాలేజీ కుర్రాళ్లకు ఈ మూడోదే అందుబాటులో ఉండే దారి. విదేశాల నుంచి పార్శిల్ తెప్పిస్తే కస్టమ్స్ సుంకం పడే అవకాశం ఉంటుంది కాబట్టి, అక్కడి ధర చూసి చవకని సంబరపడొద్దు.

ప్రతి కత్తికీ ఒక నోట్‌బుక్ పేజీ కేటాయించండి. మోడల్, పొడవు, పొరలు, బ్లేడు మొదట్లో ఉన్న అక్షరాలు, కొన్న తేదీ, ఇచ్చిన ధర. ఫోన్‌లో ఫొటో తీస్తే మూసి ఒకటి, అన్నీ విప్పి ఒకటి, వీపు వైపు నుంచి ఒకటి తీయండి. ఆ పేజీ కిందే ఏ పరికరం ఎన్నిసార్లు వాడారో నెల రోజులు గీతలు పెట్టండి. మూడో కత్తి ఏది కొనాలన్నది ఆ గీతల్లోనే సగం తేలిపోతుంది.